రంగు కంటే ముందు గోడ
(ఉప్పల్, నాచారం ప్రాంత గిరిజన యువత సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

 

పొద్దున్నుంచి ఈ వేదిక మీద మన పాట గురించి, డోలు గురించి, మన భాషల గురించి చాలా మంచి మాటలు విన్నాం. మా వంతు వచ్చేసరికి ప్రైమర్, లప్పం అంటే మీకు నవ్వు రావచ్చు. అయినా సంఘం పెద్దలు మమ్మల్ని అడిగింది మా పని గురించే. మేము రంగుల పని చేసుకుని బతుకుతున్నవాళ్లం. ఈ సభలో కూర్చున్నవాళ్లలో కనీసం ఇరవై మంది తమ్ముళ్లు ఇదే పనికి పోతున్నారని మాకు తెలుసు. మిగతావాళ్లలో కూడా చాలామంది ఏదో ఒక రోజు తమ ఇంటికో, ఊళ్లో అమ్మానాన్నల ఇంటికో రంగు వేయించేవాళ్లే. అందుకని ఇది అందరికీ పనికొచ్చే ముచ్చటే.

వరంగల్ రోడ్డు మీద వచ్చే మనవాళ్లకు హైదరాబాద్ అంటే మొదట ఉప్పలే. హన్మకొండ, జనగామ, మహబూబాబాద్, ములుగు దిక్కు నుంచి బస్సెక్కినవాళ్లు దిగేది ఇక్కడే. దిగిన చోటికి దగ్గర్లోనే పని వెతుక్కుంటాం, అద్దె గది వెతుక్కుంటాం. ఇటు ఉప్పల్, నాచారం, మల్లాపూర్, చర్లపల్లి పారిశ్రామికవాడలు ఉన్నాయి. అటు బోడుప్పల్, పీర్జాదిగూడ వైపు కొత్త కాలనీలు. 2017 నవంబర్‌లో నాగోల్ నుంచి మెట్రో నడవడం మొదలయ్యాక ఈ దిక్కు ఇల్లు కట్టుకోవాలనే ఆశ ఇంకా పెరిగింది. కట్టే ఇల్లు ఉన్నచోట రంగు పని ఉంటుంది.

అడ్డా మీద మన పిల్లలకు దొరికేది మాత్రం ఎక్కువగా ‘హెల్పర్’ పని. గోడ రుద్దు, బకెట్ మొయ్యి, కింద పడ్డ లప్పం గీకు. బ్రష్ పట్టేవాడు మేస్త్రి, రుద్దేవాడు హెల్పర్. కూలీలో తేడా, మర్యాదలో తేడా. మా అనుభవంలో ఇది తలకిందుల లెక్క. గోడ మీద రంగు ఐదేళ్లు ఉంటుందా, వచ్చే వానాకాలానికే పెచ్చులు లేస్తుందా అనేది ఆఖరి కోటు వేసే చెయ్యి తేల్చదు. దానికి పది రోజుల ముందు గోడను రుద్దిన చెయ్యి, తట్టి చూసిన చెయ్యి, ‘ఇంకా ఆరలేదు, ఆగుదాం’ అన్న నోరు తేలుస్తాయి. మీరు ‘హెల్పర్’ పనే చేస్తున్నట్టయితే, అసలు పని మీ చేతుల్లోనే ఉంది. దాన్ని తెలిసి చేస్తే రేపు గుత్తకు పట్టేది మీరే.

గోడను సిద్ధం చేయడం మనకు కొత్త విద్య కాదు. మట్టి గోడల ఇళ్లలో పెరిగినవాళ్లకు గుర్తుండే ఉంటుంది. పండగ వస్తుందంటే అమ్మ ముందు గోడ మీది పాత పెచ్చులు గీకేది. బీటలు పడ్డ చోట మెత్తని మట్టి నూరి నింపేది. మట్టిలో పెండ కలిపి అలికేది. ఆ పెండలోని గడ్డి పీచు మట్టిని పట్టుకుని ఉంటుంది కాబట్టి ఆరేటప్పుడు పగుళ్లు తక్కువ పడతాయి. అది బాగా ఆరాకే జాజు పూత, సుద్ద పూత. ముగ్గు అన్నిటికంటే ఆఖరు. శ్రీకాకుళం, పార్వతీపురం మన్యంలో సవర అన్నలు గోడ మీద బొమ్మలు వేసే ముందు గోడంతా ఎర్రమన్నుతో పూసి నేల సిద్ధం చేసుకుంటారు. ఆ ఎర్ర పూత సరిగ్గా లేకుంటే దాని మీద బియ్యప్పిండి గీత నిలవదు. మేడారం జాతరకు ముందు గుడిమెలిగె అని ఒక రోజు పెట్టుకుని గుడిని శుభ్రం చేసి, అలికి, ముగ్గులు పెట్టడం మీరు చూసే ఉంటారు. ఇప్పటి భాషలో చెప్పాలంటే మట్టి నింపడం లప్పం, అలుకు ప్రైమర్, జాజు రంగు. సామాను మారింది, వరస మారలేదు.

ఇక సిమెంటు గోడ దగ్గరికి వద్దాం.

కొత్త గిలాబు చేసిన గోడ చూడటానికి పొడిగా కనిపిస్తుంది. ముట్టుకుంటే గట్టిగా ఉంటుంది. కానీ లోపల రెండు సంగతులు ఉంటాయి. ఒకటి నీళ్లు, రెండోది సున్నపు గుణం. సిమెంటు నీళ్లతో కలిసి గట్టిపడేటప్పుడు సున్నం విడుదలవుతుంది, అందుకే కొత్త గోడ చాలా ఘాటుగా, క్షారంగా ఉంటుంది. దాని మీద నూనె కలిసిన ప్రైమర్ గానీ, ఎనామిల్ గానీ వేశారనుకోండి. సున్నమూ నూనే కలిస్తే ఏమవుతుంది? క్షారం, నూనె కలిపి సబ్బు చేయడం మీరు బడిలో చదివారు. గోడ మీద జరిగేదీ అదే. రంగు అడుగున సబ్బులాగా జిగటగా మారి, పొరలు పొరలుగా ఊడుతుంది. ఇంటాయన వచ్చి ‘నాసిరకం రంగు వేశారు’ అంటాడు. నిజానికి రంగు మంచిదే, వేసిన సమయం మంచిది కాదు.

అందుకే కొత్త గిలాబుకు కనీసం వారం రోజులు నీళ్లు కొట్టాలి. ఆ తర్వాత దాన్ని ఆరనివ్వాలి. మొత్తం మీద నెల రోజులు తక్కువ లెక్క, వానాకాలంలో ఇంకా ఎక్కువ. పాత మేస్త్రీలు కొత్త ఇంటికి మొదటి ఏడాది వట్టి సున్నమే వేయమనేవారు. ఒక వానాకాలం, ఒక ఎండాకాలం చూశాక రంగు వేసేవారు. ఇప్పుడు గృహప్రవేశం ముహూర్తం ముందే పెట్టుకుంటున్నారు కాబట్టి ఆ మాట వినేవాళ్లు లేరు. కనీసం నెల రోజులైనా ఆపగలిగితే మనం గెలిచినట్టే.

సున్నపు గుణం ఇంకా ఉందో లేదో చూడటానికి మన వంటింట్లోనే ఒక ఉపాయం ఉంది. పసుపు నీళ్లు. పసుపులో సున్నం కలిపితే పారాణి ఎర్రబడటం చూశారు కదా. గోడ మూలలో, తర్వాత లప్పం కింద మరుగున పడే చోట, కొంచెం పసుపు నీళ్లు అద్దండి. ముదురు ఎరుపుకు తిరిగితే ఆ గోడ ఇంకా ఘాటుగా ఉన్నట్టు. ఇది డాక్టరు పరీక్ష లాంటిది కాదు, కొంచెం సున్నం ఉన్నా పసుపు ఎరుపు పడుతుంది. కానీ ఇంటి యజమానికి పది నిమిషాలు చెప్పినా ఎక్కని సంగతి ఈ ఎర్ర మరక ఒక్క క్షణంలో చెబుతుంది.

తేమకు ఇంకో పరీక్ష. ఒక అడుగు పొడవు, ఒక అడుగు వెడల్పు ప్లాస్టిక్ కవరు ముక్క తీసుకుని గోడకు ఆనించి, నాలుగు వైపులా గాలి దూరకుండా టేపు వేయండి. ఒక రోజంతా వదిలేయండి. మర్నాడు తీసి చూస్తే కవరు లోపలి వైపు నీటి బొట్లు కనిపించినా, ఆ చోట గోడ నల్లబడినా లోపల నీళ్లు ఉన్నాయన్నమాట. దీనికి రూపాయి ఖర్చు లేదు. మేము గుత్త మాట్లాడటానికి పోయినప్పుడు మొదట చేసేది ఇదే. రేటు మర్నాడే చెబుతాం.

మన ప్రాంతంలో ఈ తేమ ముచ్చట చిన్నది కాదు. ఉప్పల్‌లో నల్లచెరువు, నాచారంలో పెద్దచెరువు, రామంతాపూర్‌లో చెరువు, దక్షిణాన మూసీ. చెరువు పక్కన, చెరువు కింద కట్టిన ఇళ్లలో గోడ అడుగు నుంచి రెండు మూడు అడుగుల ఎత్తు వరకు చెమ్మ పాకడం మామూలు. 2020 అక్టోబర్ 13 నాటి వాన గుర్తుందా? ఘట్‌కేసర్ దగ్గర ఒక్క రోజులో 30 సెంటీమీటర్లకు పైగా పడింది. ఉప్పల్, రామంతాపూర్, నాగోల్ దిక్కు లోతట్టు కాలనీల్లో ఇళ్లలోకి నీళ్లు వచ్చాయి. ఆ ఏడాది దీపావళి నవంబర్ 14న. అంటే మధ్యలో ఒక్క నెల. నీళ్లు దిగిపోగానే చాలామంది ‘దీపావళికి ఇల్లు కొత్తగా కనిపించాలి’ అని మమ్మల్ని పిలిచారు. వాళ్ల బాధ మాకు అర్థమైంది. బురద మరక చూస్తూ పండగ చేసుకోవడం ఎవరికి ఇష్టం? కానీ నానిన ఇటుక గోడ అంగుళానికి సుమారు నెల చొప్పున ఆరుతుందని మా లెక్క. తొమ్మిదంగుళాల గోడ సంగతి మీరే ఊహించుకోండి. రెండు వైపుల నుంచీ ఆరినా నాలుగైదు నెలలు. మేము కడిగి, బ్లీచింగ్ కొట్టి, సున్నం వేసి ఇస్తాం, రంగు ఎండాకాలంలో వేద్దాం అన్నాం. కొందరు ఒప్పుకున్నారు. ఒప్పుకోనివాళ్లు వేరేవాళ్లతో వేయించుకున్నారు. ఉగాది నాటికి ఆ గోడలు బుడగలు లేచి ఉన్నాయి. ఆ నెలలో మా పని పోయింది, నిజమే. మరుసటి ఏడాది ఆ వీధిలో నాలుగిళ్ల పని మాకే వచ్చింది.

అడుగు నుంచి చెమ్మ పాకే గోడకు ఏ ప్రైమరూ మందు కాదు. ఇది గట్టిగా చెబుతున్నాం, ఎందుకంటే దుకాణంలో ‘ఈ డబ్బా కొట్టండి, చెమ్మ రాదు’ అని అమ్ముతుంటారు. నీళ్లు వచ్చే దారి మూయకుండా పైన ఎంత మంచి పూత వేసినా ఆ నీళ్లు పూతను తోసుకుని వస్తాయి, లేదా ఇంకో అడుగు పైకెక్కి బయటపడతాయి. ముందు వెతకాల్సింది నీళ్లు ఎక్కడివని. పక్కన బాత్రూం ఉందా? గోడ అవతల మొక్కలకు నీళ్లు పోస్తున్నారా? బయట నేల ఇంటివైపు వాలి ఉందా? పైన ట్యాంకు కారుతోందా? అది సరిచేశాక తడిసి డొల్లబడ్డ గిలాబును చెమ్మ గీతకు ఇంకో అడుగు పైదాకా కొట్టేసి, ఇటుకను ఆరనిచ్చి, నీళ్లు పీల్చని మందు కలిపిన కొత్త గిలాబు చేయాలి. ఇది తాపీ మేస్త్రి పని. మనం చేయలేకపోతే చేయలేమని చెప్పాలి. చెప్పడం కూడా పనిలో భాగమే.

గోడ మీద తెల్లగా ఉప్పు పూసినట్టు వస్తుంది చూశారా, అది మన బోరు నీళ్ల పుణ్యం చాలాసార్లు. ఉప్పు నీళ్లతో గిలాబు కలుపుతారు, ఆ నీళ్లతోనే తడుపుతారు. గోడ ఆరేటప్పుడు నీళ్లు ఆవిరైపోయి ఉప్పు బయట మిగులుతుంది. దాన్ని చాలామంది తడి గుడ్డతో తుడుస్తారు. అలా చేస్తే ఉప్పు కరిగి మళ్లీ గోడలోకే పోతుంది. పొడి కుంచెతోనే దులపాలి. వారం ఆగి మళ్లీ వస్తే మళ్లీ దులపాలి. రావడం ఆగాకే ముందుకు పోవాలి. లప్పం కలపడానికి కూడా బోరు నీళ్లు వద్దు, నల్లా నీళ్లే వాడండి.

ఇప్పుడు ప్రైమర్. చాలామంది దీన్ని తెల్ల రంగు మొదటి కోటు అనుకుంటారు. కొందరు మిగిలిపోయిన తెల్ల ఎమల్షన్‌లో నీళ్లు కలిపి ‘ఇదే ప్రైమర్’ అని కొట్టేస్తారు. ప్రైమర్ పని వేరు. గోడ కొన్నిచోట్ల నీళ్లు ఎక్కువ పీలుస్తుంది, కొన్నిచోట్ల తక్కువ. ప్రైమర్ ఆ దాహాన్ని ఒక తీరుకు తెస్తుంది. లేకుంటే ఖరీదైన రంగును గోడే తాగేస్తుంది, తాగినచోట మచ్చలా కనిపిస్తుంది. గోడకూ రంగుకూ మధ్య పట్టు ఇస్తుంది. సున్నపు ఘాటు పైకి రాకుండా కొంతవరకు అడ్డుపడుతుంది. ‘కొంతవరకు’ అన్న మాట గమనించండి, ఆరని గోడను అది కాపాడలేదు.

సిమెంటు గోడకు లోపల వాటర్ బేస్ అక్రిలిక్ ప్రైమర్ వాడండి. బయట గోడకు ఎక్స్‌టీరియర్ ప్రైమరే వాడాలి. లోపలిది ఎండకు, వానకు తట్టుకోదు. ఆయిల్ ప్రైమర్ మీద మన మేస్త్రీలకు ఇంకా మోజు ఉంది. నున్నగా వస్తుంది, గట్టిగా ఉన్నట్టు కనిపిస్తుంది. పూర్తిగా ఆరిన పాత గోడ మీద దాన్ని వాడటంలో తప్పు లేదు. కొత్త గోడ మీద వద్దు, కారణం ఇందాకే చెప్పాం. పైగా మూసిన గదిలో ఆ వాసన పీలుస్తూ రోజంతా పనిచేసేది మీరే గానీ ఇంటాయన కాదు. చెక్కకు వుడ్ ప్రైమర్, ఇనుప గేటుకు రెడ్ ఆక్సైడ్. గేటుకు తుప్పు గీకిన రోజే ప్రైమర్ పడాలి. రాత్రి మంచు పడిందంటే మళ్లీ తుప్పు మొదలవుతుంది. జింకు పూత ఉన్న కొత్త పైపుల మీద రెడ్ ఆక్సైడ్ సరిగ్గా నిలవదు, వాటికి వేరే ప్రైమర్ ఉంటుంది, అడిగి తీసుకోండి.

ప్రైమర్‌లో ఎన్ని నీళ్లు కలపాలో డబ్బా మీద రాసి ఉంటుంది. చదువుకున్న పిల్లలు మీరు, చదవండి. ఈ పనిలో మోసం ఎక్కువగా జరిగేది ఇక్కడే. ఒక డబ్బాను రెండు డబ్బాలు చేసి కొడతారు. పైన రంగు పడ్డాక ఎవరికీ కనిపించదు కదా అనుకుంటారు. ఏడాదికి కనిపిస్తుంది.

లప్పం ముందా, ప్రైమర్ ముందా? ఈ ఒక్క ప్రశ్న మీద అడ్డాలో కొట్లాటలు కూడా చూశాం. పూర్వం మేస్త్రీలు సుద్దపొడి, ప్రైమర్ కలిపి లప్పం సొంతంగా చేసుకునేవారు. అప్పటి అలవాటు ప్రకారం ముందు ప్రైమర్, తర్వాత లప్పం, మళ్లీ ప్రైమర్. ఇప్పుడు సంచుల్లో వచ్చే వైట్ సిమెంట్ పుట్టి సంగతి వేరు. అది కూడా సిమెంటే. గట్టిపడటానికి దానికి నీళ్లు కావాలి, పట్టుకోవడానికి గరుకు గోడ కావాలి. కింద ప్రైమర్ పొర వేస్తే అది గోడను నేరుగా పట్టుకోలేదు. కాబట్టి గోడను శుభ్రం చేసి, కొంచెం తడిపి, నేరుగా పుట్టి పెట్టాలి. రెండు కోట్లు. రెండూ కలిపి ఒకటిన్నర మిల్లీమీటరు మించకూడదు. ఆరాక రుద్ది, దుమ్ము దులిపి, అప్పుడు ప్రైమర్. డబ్బాల్లో తడిగా వచ్చే అక్రిలిక్ పుట్టికి మాత్రం కింద ప్రైమర్ ఉండాలి, అది ఇంటి లోపలికే పనికొస్తుంది. మేస్త్రి చెప్పింది కాదు, సంచి మీద ఉన్నది చెయ్యండి. మేస్త్రితో వాదించకండి, సంచి చూపించండి.

లెక్క కూడా నేర్చుకోండి. పది అడుగులు, పన్నెండు అడుగుల గది, ఎత్తు పది అడుగులు అనుకుందాం. చుట్టుకొలత 44 అడుగులు, ఎత్తుతో హెచ్చిస్తే 440 చదరపు అడుగులు. తలుపు, కిటికీలు ఓ 50 తీసేస్తే 390. పైకప్పు 120 కలిపితే 510. పుట్టి కిలోకు రెండు కోట్లు 15 నుంచి 20 చదరపు అడుగులు వస్తుందనుకుంటే 26 నుంచి 34 కిలోలు, అంటే 40 కిలోల సంచి ఒకటి సరిపోతుంది. ప్రైమర్ లీటరుకు సుమారు 100 అడుగులు అనుకుంటే ఐదు లీటర్ల పైచిలుకు. గోడ గరుకుగా ఉంటే ఇంకొంచెం పడుతుంది. ఈ లెక్క కాగితం మీద వేసి చూపించిన కుర్రాడిని ఇంటాయన హెల్పర్ అని పిలవడు.

పాత గోడ కొత్త గోడ కంటే కష్టం. ముందు అరచేత్తో రుద్ది చూడండి. చేతికి పొడి అంటిందా, అది సున్నమో డిస్టెంపరో. దాని మీద ఎమల్షన్ వేస్తే రంగు పట్టుకునేది ఆ పొడినే గానీ గోడను కాదు. మొత్తం గీకి, కడిగి, ఆరనివ్వాల్సిందే. తర్వాత బ్లేడు పిడితోనో, నాణెంతోనో గోడంతా తట్టుకుంటూ పొండి. ‘ఠక్’ మంటే మంచిది, ‘డబ్’ మని డొల్లగా మోగితే అక్కడ గిలాబు ఇటుకను వదిలేసింది. కొట్టేసి మళ్లీ చేయాలి. నిగనిగలాడే ఆయిల్ పెయింట్ ఉంటే ఆ మెరుపు పోయేదాకా రుద్దాలి, మెరుపు మీద ఏదీ నిలవదు. నాచు, బూజు ఉన్నచోట బ్లీచింగ్ నీళ్లు కొట్టి, రుద్ది, కడగండి. బ్లీచింగ్‌లో బాత్రూం యాసిడ్ మాత్రం ఎప్పుడూ కలపకండి. విషవాయువు వస్తుంది. మూసిన గదిలో ప్రాణం మీదికి తెస్తుంది.

పగుళ్లలో వెంట్రుక వాసి పగుళ్లు లప్పంతో పోతాయి. పిల్లరుకూ ఇటుక గోడకూ మధ్య నిలువుగా వచ్చే పగులు అలా పోదు. గిలాబు చేసేటప్పుడే అక్కడ జాలీ వేయాల్సింది, వేయలేదన్నమాట. దాన్ని కొంచెం వెడల్పు చేసి, సాగే గుణమున్న ఫిల్లర్ నింపి, పైన జాలీ టేపు వేసి పూయాలి. ఐమూలగా, మెట్లు మెట్లుగా పోయే పెద్ద పగులు కనిపిస్తే దాని రెండు చివర్ల పెన్సిల్‌తో గీత గీసి తేదీ రాయండి. నెల తర్వాత గీత దాటిపోయిందంటే అది రంగులవాడి పని కాదు, ఇంజినీరు పని. మీరు దాన్ని లప్పంతో కప్పేస్తే ఆ ఇంట్లో పడుకునేవాళ్లకు ప్రమాదం కప్పిపుచ్చినట్టే.

ఇక మీ ఒంటి సంగతి. ఇది చెప్పకుండా దిగిపోము. రుద్దేటప్పుడు లేచే దుమ్ము మామూలు దుమ్ము కాదు. సిమెంటు, ఇసుక నలుసులు ఊపిరితిత్తుల్లో చేరితే బయటికి రావు. మూతికి దస్తీ కట్టుకుంటే ఆగవు. ఎన్-95 మాస్కు పెట్టుకోండి, మేస్త్రి ఇవ్వకపోతే మీరే కొనుక్కోండి, వీలైనచోట తడిపి రుద్దండి. పాత ఆయిల్ పెయింట్ అయితే పొడిగా అసలు రుద్దకండి. ఇళ్లకు వాడే రంగుల్లో సీసం 90 పీపీఎం మించకూడదన్న నిబంధన మన దేశంలో 2017 నవంబర్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. అంతకు ముందు వేసిన రంగుల్లో ఎంత ఉందో ఎవరు చెప్పగలరు? ఆ పొడి మీ బట్టల మీద ఇంటికి వస్తుంది, మీ పిల్లలను ఎత్తుకుంటారు. సీసం చిన్నపిల్లల మెదడుకు చేటు. పని బట్టలు అక్కడే మార్చుకుని, చేతులు, ముఖం కడుక్కుని రండి. పరంజా ఎక్కేటప్పుడు తాడు కట్టుకోమంటే నామోషీగా అనుకునే తమ్ముళ్లను చూస్తున్నాం. నామోషీ ఏమీ లేదు.

రంగు పనివాళ్లు కూడా భవన నిర్మాణ కార్మికుల లెక్కలోకే వస్తారు. 18 నుంచి 60 ఏళ్ల లోపు ఉండి, గడిచిన ఏడాదిలో 90 రోజులు ఈ పని చేసినవాళ్లు సంక్షేమ బోర్డులో పేరు నమోదు చేయించుకోవచ్చు. కార్డు ఉంటే ప్రమాదం జరిగినప్పుడు, కాన్పు అప్పుడు కుటుంబానికి సాయం అందుతుంది. మన చెల్లెళ్లు కూడా చేయించుకోవాలి. గోడలు రుద్దే పనిలో సగం మంది ఆడవాళ్లే కనిపిస్తారు, అలుకు చేతి పని వాళ్లకు పుట్టుకతో వచ్చింది, కూలి మాత్రం మగవాడి కంటే తక్కువ ఇస్తారు. ఇది మాకు ఏనాడూ సమంజసం అనిపించలేదు. మా గుత్త పనుల్లో ఇద్దరికీ ఒకటే కూలి.

గుత్త మాట్లాడేటప్పుడు ‘అడుగుకు ఇంత’ అని ఒక్క ముక్కలో రేటు చెప్పకండి. అలా చెబితే బేరం తగ్గినకొద్దీ కోత పడేది రుద్దే పనికే. రుద్దడం, పగుళ్లు నింపడం, లప్పం రెండు కోట్లు, ప్రైమర్ ఒక కోటు, రంగు రెండు కోట్లు అని విడివిడిగా రాయండి. సామాను ఎవరు తేవాలో రాయండి. చెమ్మ ఉన్న గోడ ఏదో, దానికి మీ పూచీ లేదని ఇంటాయనకు ముందే చెప్పి రాయించండి. ఇంటాయన షేడ్ కార్డు ముందు రెండు గంటలు కూర్చుంటాడు, గోడ గురించి రెండు నిమిషాలు వినడు. ఆ రెండు నిమిషాల్లోనే ఈ కాగితం చేతిలో పెట్టాలి.

చివరగా ఊరి ముచ్చట. 2024 మార్చిలో భద్రాచలంలో మొదలైన ఇందిరమ్మ ఇళ్ల పథకం కింద మన ఊళ్లలో చాలా కుటుంబాలు 5 లక్షల సాయంతో ఇల్లు కట్టుకుంటున్నాయి. డబ్బు పునాదికి, గోడలకు, స్లాబుకు అయిపోయి, రంగు దగ్గరికి వచ్చేసరికి చేతిలో ఏమీ మిగలదు. అప్పుడు అప్పు చేసి ఖరీదైన రంగు వేయించకండి. సున్నం చాలు. ఒక వానాకాలం పోనివ్వండి. మీరు సెలవులకు పోయినప్పుడు మీ చేతులతో గోడ సిద్ధం చేసి వేయండి.

తాతలనాటి మట్టి ఇల్లు ఇంకా నిలబడి ఉంటే దాని మీద ప్లాస్టిక్ రంగు అసలు వేయకండి. మట్టి గోడ తేమ పీల్చి వదులుతుంటుంది. పైన ఎమల్షన్ పొర పడితే లోపలి తేమ బయటికి పోలేక మట్టి మెత్తబడి, ఒక రోజు పొరతో సహా జారిపడుతుంది. దానికి అలుకే సరి, జాజే సరి, సున్నమే సరి. ఎంత నీళ్లు, ఎంత పెండ, ఏ చెలకలో మన్ను అనేది ఇంట్లో ముసలమ్మలకు తెలుసు. వాళ్లు చేస్తుంటే పక్కన కూర్చుని ఫోన్‌లో వీడియో తీసుకోండి. ఆ కొలతలు ఏ సంచి మీదా రాసి ఉండవు.

మన సంఘం గది వెనక గోడకు అడుగున చెమ్మ ఉంది, మీరంతా చూసే ఉంటారు. వచ్చే ఆదివారం పొద్దున ఏడింటికి మేము అక్కడ ఉంటాం. ముందు ఆ నీళ్లు ఎక్కడి నుంచి వస్తున్నాయో వెతుకుదాం. వచ్చేవాళ్లు పాత బట్టలు వేసుకుని, మాస్కు తెచ్చుకోండి. పసుపు, టేపు, ప్లాస్టిక్ కవర్లు మేము తెస్తాం.